సికింద్రాబాద్ దోమ, పనామా కాలువ

పడవ ఎక్కేముందు తమ్ముడు దోమల క్రీము ట్యూబు నా చేతిలో పెట్టాడు. "రాసుకో అక్కా, గాంబోవా దగ్గరంతా అడవే" అన్నాడు. నేను అంత దూరం వెళ్ళి పనామా కాలువ చూడాలనుకోవడానికి కారణం కూడా దోమే. చిన్నప్పుడు మేము బేగంపేటలో ఉండేవాళ్ళం. అక్కడ మలేరియా దోమల వల్లే వస్తుందని తేల్చిన డాక్టర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. ఆడ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన మొదటిసారి చూసింది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. "అది తెలియకపోతే పనామా కాలువ లేదు" అని మా సైన్సు మేడమ్ చెప్పిన మాట నాకు అలాగే ఉండిపోయింది.

పసిఫిక్ వైపు నుంచి బయల్దేరి, మిరాఫ్లోరెస్ లాకుల్లోకి, అంటే తలుపులు మూసి నీళ్ళు నింపి ఓడను పైకెత్తే తొట్లలోకి, వెళ్ళాం. మా ముందు ఒక సరుకు ఓడ. 33.5 మీటర్ల వెడల్పున్న లాకులో అది ఎంత బిగుతుగా పట్టిందంటే, అటూ ఇటూ రెండేసి అడుగులు కూడా ఖాళీ ఉన్నట్టు లేదు. గోడలకు తగలకుండా పట్టాల మీద నడిచే చిన్న ఇంజన్లు తాళ్ళు బిగించి దాన్ని పట్టుకుంటాయి. వాటిని 'మ్యూల్' అంటారు, అంటే కంచరగాడిద. మా వెనుక తలుపులు మూసుకున్నాయి. పక్కనున్న గోడ తడిసి నల్లగా, నాచు పట్టి ఉంది. ఒక పగులును గుర్తు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అది నీళ్ళలో మునిగిపోయింది. పది నిమిషాల్లోపే మేము పైకి వచ్చేశాం, ఇందాక తలెత్తి చూసిన మనుషులు ఇప్పుడు మాకు ఎదురుగా ఉన్నారు. ఇందులో పంపు లేదు. సముద్ర మట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉన్న గాటున్ చెరువు నీళ్ళు గోడల్లోని సొరంగాల గుండా వాటంతట అవే దిగుతాయి. ఒక్క ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. అందుకే 2023లో వానలు సరిగా పడకపోతే రోజుకు పంపే ఓడలనే తగ్గించాల్సి వచ్చింది.

సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్డినాండ్ ద లెసెప్స్ ఇక్కడా లాకులు లేకుండా సముద్రాన్ని సముద్రంతో కలపాలనుకున్నారు. 1881లో పని మొదలైంది. సూయజ్‌లో ఉన్నది ఇసుక. ఇక్కడ కొండ, ఆగని వాన, చాగ్రెస్ నది వరద. 1889లో కంపెనీ దివాలా తీసింది. అప్పటికి ఇరవై వేల మందికి పైగా చనిపోయారని అంచనా, ఎక్కువమంది దోమల వల్ల వచ్చే యెల్లో ఫీవర్, మలేరియా జ్వరాలతోనే. అంకాన్ కొండ వాలులో ఫ్రెంచివాళ్ళు మంచి ఆసుపత్రి కట్టారు. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. మన ఇళ్ళల్లో వంటింటి అల్మరా కాళ్ళకు పెట్టేవాళ్ళం, సరిగ్గా అలాగే. ఆ గిన్నెల్లో దోమలు గుడ్లు పెట్టాయి. కాలు విరిగి వచ్చినవాడు కూడా అక్కడే జ్వరం తగిలి పోయాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

1904లో అమెరికా పని చేపట్టినప్పుడు డాక్టర్ విలియం గోర్గాస్ వచ్చారు. దోమల మీద డబ్బు ఖర్చు ఏమిటని పైవాళ్ళు మొదట నమ్మలేదు. 1905లో వచ్చిన చీఫ్ ఇంజనీర్ జాన్ స్టీవెన్స్ మాత్రం అడిగిందల్లా ఇచ్చారు. నిలవ నీళ్ళ మీద నూనె చల్లారు, మురుగు కాలువలు తవ్వారు, కిటికీలకు జాలీలు కొట్టారు, ఇళ్ళకు కుళాయి నీళ్ళు తెచ్చారు. 1906 కల్లా యెల్లో ఫీవర్ పోయింది, మలేరియా బాగా తగ్గింది. మీరు కనిపెట్టిన విషయం వల్లే ఈ కాలువ కట్టగలిగాం అనే అర్థంలో గోర్గాస్ 1914లో రాస్‌కు ఉత్తరం రాశారు. మా మేడమ్ ఊరికే అనలేదు.

పెద్రో మిగెల్ లాకు దాటాక కులెబ్రా కోత వచ్చింది. కొండను పదమూడు కిలోమీటర్ల పొడవున చీల్చిన చోటు. తవ్విన చోటే మళ్ళీ మళ్ళీ విరిగిపడేది. ఈ బురదలో పారలు, డైనమైటు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి కరీబియన్ దీవుల నల్లజాతి కూలీలు. వాళ్ళకు గంటకు పది సెంట్లు, అదీ వెండి నాణేల్లో. తెల్ల అమెరికన్లకు బంగారం లెక్కన జీతం. జీతం కౌంటర్లు వేరు, తాగే నీళ్ళు వేరు. జాలీలు కొట్టిన మంచి ఇళ్ళు కూడా ముందు 'బంగారం' వాళ్ళకే. అమెరికా పనిచేసిన పదేళ్ళలో ఆసుపత్రి లెక్కల ప్రకారం 5,609 మంది చనిపోయారు, అందులో అత్యధికులు ఈ కూలీలే. దోమ సంగతి తెలిశాక కూడా ఆ తెలివి అందరికీ ఒకేలా అందలేదు. నేను బేగంపేట గర్వంతో వెళ్ళాను, ఆ కోతలో మాత్రం నాకు మాట రాలేదు.

గాంబోవాలో దిగి బస్సులో వెనక్కి వస్తుంటే దారిలో పరాయిసో ఊరు. 'స్వర్గం' అని అర్థం. దాని దగ్గరే ఫ్రెంచి కాలపు శ్మశానం, గడ్డి వాలు మీద వరసల్లో చిన్న తెల్ల శిలువలు. బస్సు ఆగలేదు. కిటికీలోంచి చూస్తూ, రాస్ భవనం బేగంపేటలో ఎక్కడుందో తమ్ముడికి చెబుతూ వచ్చాను. పుట్టి పెరిగిన ఊరే అయినా వాడు ఇంతవరకూ దాన్ని చూడలేదట. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడు తీసుకెళ్ళమన్నాడు.