స్పామ్ ఫిల్టర్ నుంచి హోస్టెడ్ మెయిల్‌కు: లూప్ తీరింది, ఎస్‌పీఎఫ్ కుదిరింది, ఒక తలుపు మిగిలింది

అమరిక ఇదీ: డొమైన్ ఎంఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) మా ఫిల్టర్ సర్వర్‌ను చూపిస్తుంది. అందులో మెయిల్ అందుకుని పంపే పోస్ట్‌ఫిక్స్, స్పామ్‌ను గుర్తుపట్టే ఆర్‌స్పామ్‌డీ నడుస్తున్నాయి. వడకట్టిన మెయిల్ 25వ పోర్టులో హోస్టెడ్ సర్వీసుకు, అంటే మెయిల్‌బాక్సులు ఉన్న బయటి సర్వీసుకు, చేరాలి. సెట్టింగులు ముట్టుకునే ముందు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ ఆన్ చేసి ఉంచాం. అది ఆన్‌లో ఉంటే అవతలి సర్వర్ తిప్పికొట్టిన మెయిల్ కూడా క్యూలోనే నిలుస్తుంది. పని పూర్తయ్యాక ఆఫ్ చేయడం తప్పనిసరి.

లూప్: తీరింది

లాగ్‌లో 'మెయిల్ లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్' (మెయిల్ తిరిగి నాకే వస్తోంది) అని పడుతోంది. ఏ డొమైన్ మెయిల్ ఎటు పంపాలో రాసే ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో డొమైన్‌కు దారి చెప్పకపోతే పోస్ట్‌ఫిక్స్ ఎంఎక్స్ వెతుకుతుంది, అక్కడ తన పేరే కనిపిస్తుంది. డొమైన్‌కు ఎదురుగా ముందు smtp, కోలన్ రాసి, హోస్టెడ్ సర్వర్ పేరును స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి, కోలన్, 25 రాయాలి. ఎంఎక్స్ వెతకొద్దు, నేరుగా ఈ సర్వర్‌కే వెళ్లు అని ఆ బ్రాకెట్ల అర్థం. తర్వాత ఆ మ్యాప్‌ను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడిపి, రీలోడ్ చేయాలి. డొమైన్ రిలే డొమైన్స్‌లో (వేరే సర్వర్‌కు అందించే డొమైన్ల జాబితా) ఉండాలి. మై డెస్టినేషన్‌లో (ఈ సర్వర్‌లోనే అందించే డొమైన్ల జాబితా) కూడా ఉంటే మాత్రం మెయిల్ లోకల్ యూజర్ల కోసం వెతికి అక్కడే ఆగిపోతుంది.

ఎస్‌పీఎఫ్: ఎక్కువ సమయం తిన్నది ఇదే

లూప్ పోయాక 550 5.7.23 మొదలైంది, అంటే ఎస్‌పీఎఫ్ ఫెయిల్. తన పేరుతో మెయిల్ పంపడానికి ఏ ఐపీలకు అనుమతి ఉందో డొమైన్ ప్రకటించే రికార్డే ఎస్‌పీఎఫ్. హోస్టెడ్ సర్వర్‌కు కనిపించేది ఫిల్టర్ ఐపీ; పంపినవారి డొమైన్ రికార్డులో ఆ ఐపీ ఉండదు. చాలామంది ఇక్కడ ఫిల్టర్ ఐపీని తమ సొంత ఎస్‌పీఎఫ్ రికార్డులో చేరుస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే చూసేది పంపినవారి రికార్డును. ఫిల్టర్ మన మనిషే అని హోస్టెడ్ సర్వీసుకు చెప్పడమే సరైన దారి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఇన్‌బౌండ్ గేట్‌వేలో ఫిల్టర్ ఐపీ ఇస్తారు. మైక్రోసాఫ్ట్ 365లో ఇన్‌బౌండ్ కనెక్టర్ పెట్టి, దానికి ఎన్‌హాన్స్‌డ్ ఫిల్టరింగ్ (ఫిల్టర్‌ను దాటి అసలు పంపినవారి ఐపీని చూసే సౌకర్యం) ఆన్ చేస్తారు. కుదిరిందో లేదో చేరిన మెయిల్ హెడర్లే చెబుతాయి: అథెంటికేషన్ రిజల్ట్స్‌లో ఎస్‌పీఎఫ్ పక్కన అసలు పంపినవారి ఐపీ కనిపించాలి.

అలాంటి సెట్టింగ్ లేని సర్వీసుకు ఎస్ఆర్ఎస్ వాడొచ్చు; అది ఎన్వలప్ సెండర్‌ను, అంటే సర్వర్లు పరస్పరం చెప్పుకునే పంపినవారి చిరునామాను, మన డొమైన్‌కు మారుస్తుంది. అందుకే ఎస్‌పీఎఫ్ పాసవుతుంది, కానీ కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో సరిపోవాలని చూసే డీమార్క్‌కు ఆ పాస్ పనికిరాదు. ఇక పంపిన డొమైన్ మెయిల్‌పై పెట్టే డీకిమ్ సంతకం ఒక్కటే దిక్కు. అందుకే సబ్జెక్టు ముందు 'స్పామ్' అని తగిలించే అలవాటు మానేయాలి. సబ్జెక్టు సాధారణంగా సంతకంలో భాగం, ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. గుర్తు కావాలంటే కొత్త హెడర్ చేర్చడం మేలు.

లేని చిరునామాలు

ఫిల్టర్ అన్నిటినీ తీసుకుని, అవతల 550 5.1.1 (అలాంటి చిరునామా లేదు) వస్తే, ఆ బౌన్స్ స్పామర్లు పంపినవారిగా వాడిన దొంగ చిరునామాల అసలు యజమానుల నెత్తిన పడుతుంది. ఫిల్టర్ ఐపీ బ్లాక్‌లిస్టుకు ఎక్కడానికి ఇదొక్కటి చాలు. చిరునామా ఉందో లేదో అవతలి సర్వర్‌ను ముందే అడిగే రిజెక్ట్ అన్‌వెరిఫైడ్ రెసిపియెంట్ పెట్టాం, మనది కాని డొమైన్ల మెయిల్‌ను ఆపే రిజెక్ట్ అన్‌ఆథ్ డెస్టినేషన్ తర్వాతి వరసలో. అన్‌వెరిఫైడ్ రెసిపియెంట్‌కు డిఫాల్ట్ జవాబు 450 (తాత్కాలిక తిరస్కారం). నమ్మకం కుదిరాక 550కి (శాశ్వత తిరస్కారం) మార్చాలి.

సైజు పరిమితి కూడా చూసుకోవాలి. పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్ 1,02,40,000 బైట్లు. జతచేసిన ఫైళ్లను అక్షరాలుగా మార్చే బేస్64 సైజును మూడో వంతుకు పైగా పెంచుతుంది కనుక 8 ఎంబీ ఫైలు కూడా పోదు.

మిగిలింది: ఎంఎక్స్‌ను పట్టించుకోకుండా స్పామర్లు నేరుగా హోస్టెడ్ సర్వర్‌కు పంపే దారి ఇంకా తెరిచే ఉంది. పాత ఎంఎక్స్ టీటీఎల్ (ఇతర సర్వర్లు పాత రికార్డును గుర్తుంచుకునే కాలం) గడువు దాటాక, గేట్‌వే ఐపీ నుంచి రాని మెయిల్‌ను తిరస్కరించే సెట్టింగ్ ఆన్ చేస్తాం.