ఐదు నిమిషాలు

రాత్రి పదకొండున్నర. అమ్మకి ఈపాటికి మొదటి మెలకువ వచ్చేసి ఉంటుంది.

వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మకి రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టదు. మణికట్టు మీద ఒక చోట నొక్కితే నిద్ర పడుతుందట, ఆ సంగతి పోయిన నెల రాశాను. చిటికెనవేలి వైపు, మణికట్టు ముడత మీద వేలు పెడితే చిన్న గుంట తగులుతుంది. చైనా వైద్యంలో దాన్ని షెన్‌మెన్ అంటారు. రెండు వారాలు సాయంత్రాలు నేనే వెళ్ళి నొక్కాను. నాలుగుసార్లు లేచేది రెండుసార్లే లేస్తున్నానని అమ్మే చెప్పింది. రోజూ వెళ్ళడం నావల్ల కాదు. అందుకే ఇవాళ ఆశ్రమంలో మేడంని అడిగాను, ఆయమ్మ చేత చేతికి ఐదేసి నిమిషాలు నొక్కించమని.

"32 మంది ఉన్నారమ్మా. అందరి చేతులూ పట్టుకుని ఎవరు కూర్చుంటారు? నిద్రమాత్ర వేస్తున్నాంగా" అంది, రిజిస్టర్లోంచి తల ఎత్తకుండా.

ఆ "వేస్తున్నాంగా" చెవిలోంచి పోవడం లేదు. మాత్ర వేసిన మర్నాడే బాత్రూంలో తూలింది అమ్మ. ఆ వయసులో పడితే తుంటి విరగొచ్చు. ఆరున్నరకే అన్నం పెట్టి ఎనిమిదిన్నరకి లైట్లార్పేస్తే, మూడింటికి మెలకువ రాక ఏమవుతుంది? పెద్దవాళ్ళ నిద్ర అసలే పల్చన.

నాన్నమ్మకి అమ్మ అరికాళ్ళకి ఆముదం రాసేది. వేసవిలో డాబా మీద నవారు మంచం, గిన్నెలో గోరువెచ్చటి ఆముదం. కుడికాలు అమ్మకి, ఎడమకాలు నాకు. నా వేళ్ళు చాలక పిడికిలితో రుద్దేదాన్ని. మాటల మధ్యలో నాన్నమ్మ "ఊఁ" కొట్టడం ఆగిపోయేది. అమ్మ నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకుని, ఒళ్ళోని కాలు మెల్లగా దించి దుప్పటి కప్పేది. పగలంతా ఆవిడతో పడని అమ్మ.

అయితే గుంటా లేదు గింటా లేదు, పక్కన మనిషి కూర్చోవడమే మందు అనుకున్నాను. కానీ తైవాన్‌లో 1999లో వృద్ధాశ్రమాల్లో 84 మందిని గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి పద్ధతిగా నొక్కారు, ఇంకో గుంపుకి ఉత్తుత్తిగా. పద్ధతిగా నొక్కించుకున్నవాళ్ళకే రాత్రి మెలకువలు బాగా తగ్గాయి. చిన్న పరీక్షే. అయినా పద్ధతిగా నొక్కడానికీ విలువ ఉందన్నమాట.

ఇందాక లెక్క వేశాను. 32 మందికి రెండు చేతులూ అంటే 320 నిమిషాలు. రాత్రికి ఉండేది ఇద్దరు ఆయమ్మలు. మేడం అన్నది అబద్ధం కాదు. మాత్ర విషయం మాత్రం నేను ఒప్పుకోను, డాక్టరుతో మాట్లాడతాను.

వచ్చేముందు పక్క మంచం ఆవిడకి ఆ గుంట ఎక్కడో చూపించాను. ఆవిడకీ నిద్ర లేదు. అమ్మ గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. "మెల్లగా వదినగారూ, ఆ తర్వాత మీ చెయ్యి ఇటివ్వండి" అంది.

పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి, ఇద్దరూ ఎన్నింటికి లేచారో.