లీగల్ ఎయిడ్ గది తాళం తీశాక

మా లా కాలేజీలో మేడ మెట్ల పక్కన ఒక గది ఉంది. తలుపు మీద 'న్యాయ సహాయ కేంద్రం' అని నీలం బోర్డు. లోపల పాత జవాబు పత్రాల మూటలు, కాలు విరిగిన కుర్చీలు. ప్రతి లా కాలేజీలోనూ ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడవాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి రూల్స్‌లో ఉంది. మా దగ్గర అది ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు నడిచేది. ఆ రోజు మూటలు లైబ్రరీకి వెళ్లేవి, టీమ్ కారెక్కగానే వెనక్కి వచ్చేవి. ఆ సీనియర్ అధ్యాపకుణ్ణి నేనే.

2022 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా అటెండర్ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర వచ్చి నిలబడ్డాడు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు. "సార్, ఇందులో ఏముందో రవ్వంత చదివి చెప్తారా?" అన్నాడు. ఆస్తి పంపకం దావాలో వచ్చిన సమన్లు, వెనక ఇంగ్లిషులో పదకొండు పేజీల ప్లెయింటు, అంటే దావా అర్జీ. వాయిదా ఎప్పుడో దాటిపోయింది, అతను కోర్టుకు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ కూడా అయిపోయింది. కోవిడ్ రోజుల్ని గడువు లెక్కలోంచి తీసేస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డరు ఉండబట్టి డిక్రీని పక్కన పెట్టమని పిటిషన్ వేసే దారి మిగిలింది. "ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదయ్యా?" అని అడిగాను. "మీరు క్లాసులో ఉంటారు గదా సార్" అన్నాడు.

ఆ సాయంత్రమే గది తాళంచెవి కోసం వెతికాం. అతని గుత్తిలోనే ఉంది.

గది ఊడవడం ఒక్క పూట పని. అనుమతులకు నాలుగు నెలలు పట్టింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం పెట్టాలి. దానికి జిల్లా జడ్జి చైర్మన్, రోజువారీ పని చూసేది కార్యదర్శి, ఆయనా జడ్జే. ఆ ఉత్తరానికి ప్రిన్సిపల్ సంతకం కావాలి, ఆ సంతకానికి మేనేజ్‌మెంట్ ఊ అనాలి. మేనేజ్‌మెంట్ అడిగిన మొదటి ప్రశ్న "పేపర్లో ఫొటో పడుతుందా?" అని. రెండోది "ఊళ్లో ఎవరితోనన్నా పేచీ వస్తే ఎవరు చూసుకోవాలి?" అని. శనివారం ఊరికి వెళ్తే ఓడీ (ఆన్ డ్యూటీ) ఇవ్వాలా, సీఎల్ పెట్టుకోవాలా అన్న దాని మీద విడిగా ఒక ఫైలు నడిచింది. అది తేలేలోపు నా సీఎల్‌లు అయిపోయాయి.

ఇంకో ఇబ్బంది మా వృత్తిలోనే ఉంది. అడ్వకేటు రోజుకు మూడు గంటల దాకా లా పాఠాలు చెప్పుకోవచ్చు. పూర్తికాలం జీతానికి పాఠాలు చెప్పేవాడు మాత్రం వకాలత్తు వేయకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే నా సన్నదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, సస్పెండ్ చేయించుకున్నాను. కాబట్టి క్లినిక్‌లో మేం చేయగలిగేది వినడం, కాగితం చదవడం, అర్జీ రాయడం, న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ప్యానెల్ లాయరు దాకా మనిషిని చేర్చడం. ఇంతేనా అనిపించింది అప్పట్లో. కోర్టు హాల్లో లేచి నిలబడని లా మాస్టారంటే ఈత రాని ఈత మాస్టారే గదా అని మా బ్యాచ్ మిత్రుడొకడు వెక్కిరించాడు కూడా.

మొదటి క్యాంపు కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో పెట్టాం. రచ్చకట్ట దగ్గర షామియానా, బ్యానర్, మైకు. రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణతో ఎలా వచ్చిందో, 1987లో చేసిన న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9న గాని ఎందుకు అమలులోకి రాలేదో నలభై నిమిషాలు చెప్పాను. క్లాసులో అయితే నోట్సు రాసుకునేవాళ్లు. ఇక్కడ ముందు వరసలో ఒక తాత నిద్రపోయాడు. చివర్లో "ప్రశ్నలేమైనా ఉంటే అడగండి" అంటే ఒకే ఒక్కటి వచ్చింది: "పింఛను ఈ నెల లేటెందుకయింది సార్?"

సంగతి ఫోన్‌లో చెబితే కార్యదర్శి గారు నవ్వారు. "మైకు తీసేయండి సార్. బల్ల వేసుకొని ఊరికే కూర్చోండి. కాగితాలు వాళ్లే తెస్తారు" అన్నారు.

తెచ్చారు. రేకు పెట్టెల్లోంచి, బియ్యం డబ్బాల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి. చీటీ వ్యాపారి రాయించుకున్న ప్రామిసరీ నోట్లు, బ్యాంకు నోటీసులు, ముప్పై ఏళ్ల నాటి క్రయ దస్తావేజులు, అడంగల్ నకళ్లు. ఒక పెద్దాయన దగ్గర తాను గెలిచిన దావా డిక్రీ ఉంది. గెలిచానన్న సంగతి ఆయనకు తెలియదు. ప్లీడరు చనిపోయాడు, కాగితం ఇంగ్లిషులో ఉంది.

ఇక్కడ ఇంకో చిత్రం బయటపడింది. మా పిల్లలు ఇంగ్లిషు తీర్పులు గడగడా చదువుతారు గానీ తెలుగు దస్తావేజు ముందు పెడితే నోరు తెరవరు. 'చెక్కుబంది' అంటే ఏంటి సార్? 'మజ్కూరు' ఎవరు సార్? (చెక్కుబంది అంటే భూమికి నాలుగు వైపులా ఉన్న హద్దులు. మజ్కూరు అంటే మనిషి పేరనుకుంది ఒకమ్మాయి. పైన చెప్పిన, సదరు అని అర్థం.) నాకూ కొన్ని మాటలు అంతంతమాత్రమే. ఆ ఊళ్లోనే ఉన్న రిటైరైన దస్తావేజు లేఖరి ఒకాయన రెండు శనివారాలు మాకందరికీ పాఠం చెప్పాడు. దస్తావేజుని వెనకనుంచి చదవాలన్నాడు: ముందు షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు, తర్వాత సంతకాలు, సాక్షులు, ఆ తర్వాత పై కథ. "పై కథ ఎవురైనా రాస్తారు సార్. చెక్కుబందిలో అబద్ధం ఆడ్డం కష్టం" అన్నాడు. డ్రాఫ్టింగ్, కన్వేయన్సింగ్ పేపరు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి, ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

మూడో నెల నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. వాళ్లందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: పుట్టింటి భూమిలో నాకేమన్నా వస్తుందా? మా విద్యార్థినులు ఒక పాత చీర మీద రంగులతో తేదీలు రాశారు. 1985 సెప్టెంబరు 5: హిందూ వారసత్వ చట్టానికి రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, ఆ రోజుకి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో భాగం. 2005 సెప్టెంబరు 9: కేంద్ర సవరణ, పెళ్లయినా కాకపోయినా భాగం. 2020 ఆగస్టు 11: వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు. ఈ మూడింటికీ అడ్డంగా ఎర్ర గీత ఒకటి, 2004 డిసెంబరు 20. దానికి ముందే రిజిస్టరైన పంపకాలూ, కోర్టు డిక్రీతో అయిన పంపకాలూ కదలవు. పెద్దమనుషుల మధ్య నోటిమాటతో పంచుకున్నామంటే మాత్రం సరిపోదు, నమ్మదగిన ప్రభుత్వ రికార్డులు దానికి తోడు నిలవాలి.

"నా పెండ్లి 84లో అయింది సార్. ఒక్క యేడాది ఆగింటే వచ్చిండునా?" అని ఒకామె అడిగింది. "85 చట్టం నీకు తప్పిపోయింది గానీ అక్కా, 2005ది ఉంది" అంటే, ఎర్ర గీత దగ్గరికి వెళ్లి చీర అంచు పట్టుకొని చాలాసేపు చూసింది.

'కోపార్సెనర్' అన్న మాటకు తెలుగు దొరక్క చాలా తిప్పలు పడ్డాను. 'సహవారసురాలు' అంటే వాళ్లకు అందలేదు, 'పుట్టుకతో భాగస్తురాలు' అంటే కొంత నయం. ఒకరోజు విసుగొచ్చి "కూతురు కూడా దాయాదే అని చట్టం అంటోంది" అన్నాను. ఒక్కసారిగా అందరూ నవ్వారు. "అయితే మేమూ దాయాదులమేనా! ఇంగ మా అన్నోళ్లు మాతో పలకరులే!" అన్నారు. నవ్వుతూ అన్నదే అయినా అసలు భయం అక్కడే ఉంది. కట్నం ఇచ్చారు గదా అన్న వాదనకు నా దగ్గర జవాబుంది. కట్నం పంపకం కాదు. వాటా అడిగిన మర్నాటి నుంచి పండక్కి పిలిచేవాళ్లుండరు, బిడ్డ పెళ్లికి మేనమామ రాడు అంటే హిందూ వారసత్వ చట్టంలో ఏ సెక్షను చూపించను?

ఆ రోజే గోడ వారగా కూర్చున్న ఒక ముసలమ్మ, అంతవరకూ నోరు మెదపనామె, అడిగింది. "సార్, మీకు చెల్లెలుందా?"

"ఉంది."

"మీ చెల్లెలికి ఎంతిచ్చినారు?"

మా వాళ్లు నలుగురు నా మొహం వైపు చూశారు. మా ఇంట్లో సంగతి వేరు అనో ఏదో అని పక్క కాగితం అందుకున్నాను.

మా చెల్లెలు 2011లో, నాన్న పోయిన ఆరు నెలలకు, ఏడెకరాల మెట్ట చేనులో తన హక్కు వదులుకుంటూ విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టింది. పెట్టమన్నది నేనే. 2005 సవరణ మీద అప్పటికి రెండు పేపర్లు అచ్చేసుకున్నవాణ్ణి.

దాన్ని పక్కన పెట్టి క్లినిక్ పనిలో పడ్డాను. పని కూడా అలాగే పెరిగింది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, 15100కి ఫోన్ చేయొచ్చని చెబితే మొదట ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఊరికే వచ్చే లాయరు ఎట్లాంటోడో అనేవాళ్లు. ఆ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనలేను. కొందరు ప్యానెల్ లాయర్లు ప్రాణం పెట్టి చేశారు, ఒకాయన మాత్రం మూడు వాయిదాలకు రాలేదు. ఆస్తి వాటా కేసుల్లో రెండేళ్లలో రాజీ దాకా వెళ్లింది ఒక్కటే. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టారు, ఎకరం ఇవ్వడానికి అన్నదమ్ములు ఒప్పుకున్నారు. లోక్ అదాలత్ ఇచ్చే ఆ రాజీ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మిగతావాళ్లలో ఎక్కువమంది అంతా విని, కాగితం మడిచి, "సరే సార్, మాకుందని తెలిసింది, చాల్లే" అని వెళ్లిపోయినవాళ్లే. దీన్ని సక్సెస్ అనాలో ఫెయిల్యూర్ అనాలో నాకు తేలలేదు.

వాళ్ల ప్రశ్నలన్నీ పోగేసి 24 పేజీల చిన్న పుస్తకం తెలుగులో రాశాను. రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇంగ్లిషు పేపరు నాకు రెండు నెలల పని. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే తెలుగు పత్రికల్లో చట్టం గురించి రాసిన మాడభూషి శ్రీధర్ గారిని, ఆయన 2013లో కేంద్ర సమాచార కమిషనర్ కాకముందు నుంచీ చదువుతున్నాను. అంత తేలిగ్గా కనిపించే వాక్యం వెనక ఎంత పని ఉంటుందో అప్పుడు తెలిసింది. ప్రతి పేజీనీ మా అటెండర్‌కి చదివి వినిపించేవాణ్ణి. అతను తల గోక్కుంటే ఆ పేరా మళ్లీ రాయాలి.

ప్రమోషన్ ఫారం నింపేటప్పుడు ఆ పుస్తకం ఎక్కడ చూపించాలో ఎవరికీ తెలియలేదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ పట్టికలో మా విభాగానికి పరిశోధన పత్రానికి 10 మార్కులు, ఎవరిదో పేపరు అనువదిస్తే 3, రాష్ట్ర స్థాయి సదస్సులో ఆహ్వాన ఉపన్యాసానికి 2. ఊళ్లో కూర్చున్న శనివారాలన్నీ కలిపి విస్తరణ కార్యక్రమాల కింద ఒక ముక్క. కమిటీలో ఒకాయన మర్యాదగానే అన్నాడు, "ఇది సోషల్ సర్వీసండీ, స్కాలర్లీ వర్క్ కాదు" అని.

ఆయనతో వాదించలేదు గానీ ఏటా క్లాసులో చెప్పే ఉత్తరం ఒకటి గుర్తొచ్చింది. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద 1972లో పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. ఏడాది తిరిగాక ఉపేంద్ర బక్షి, లోటికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా టీచర్లు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది అందులో అసలు వాదన. వీధుల్లోకి మహిళా సంఘాలొచ్చాయి, 1983లో చట్టం మారింది. వాళ్లు చేసింది కూడా ఒక కాగితాన్ని, ఆ తీర్పుని, జాగ్రత్తగా చదివి నలుగురికీ వినబడేలా చెప్పడమే. వాళ్లతో నన్ను పోల్చుకునేంత వెర్రివాణ్ణి కాను. ఆ లేఖకు మా పట్టికలో గడి ఏదని మాత్రం అడగాలనిపించింది.

లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ వాక్యం క్లాసులో బోర్డు మీద రాస్తుండగానే ముసలమ్మ ప్రశ్న మళ్లీ వచ్చి కూర్చుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆ విడుదల దస్తావేజు నకలు తీసుకున్నాను. రిజిస్టరైన దాన్ని రద్దు చేయించాలంటే కోర్టులో మోసమో బలవంతమో చూపించాలి, విషయం తెలిసిన మూడేళ్లలోపే వెళ్లాలి. మా విషయంలో ఆ దారి అక్కర్లేదు, నేను నా వాటాలోంచి దాన సెటిల్‌మెంట్ రాసిస్తే సరిపోతుంది. ఇదంతా వరసగా ఆలోచించుకొని ధర్మవరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను.

విని, కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఆ బీడు నాకేమొద్దులే అన్నా" అంది. కాసేపాగి మళ్లీ తనే అంది. "ఆ పొద్దు ఆఫీసులో నువ్వు వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం పెడితిని. అందులో ఏముందో ఒక్కసారి చదివి చెప్పింటివా? లా సారువు గదా నువ్వు."

నకలు సంచిలోనే ఉంది. తీశాను. లేఖరి చెప్పినట్టు షెడ్యూలు ముందు చదవబోతే, "అట్ల కాదు, మొదట్నుంచి" అంది. మొదట్నుంచి మొదలుపెట్టాను. "...నేను పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా..."

"అది నేను చెప్పలేదే. ఎవురు రాసిరి?"

"లేఖరి రాశాడు. అందరికీ అట్లే రాస్తారు."

"ఊ. చదువు" అంది.