మన్రోవిల్ దారిలో రెండు రోజులు

అట్లాంటా నుంచి మాంట్‌గోమరీకి రెండున్నర గంటల డ్రైవ్. నేనూ బావా పొద్దున్నే బయల్దేరాం, అలబామాలోకి ఎంటరవగానే ఫోన్లో టైం ఒక గంట వెనక్కి పోయింది, ముందే తెలిస్తే ఇంకో గంట పడుకునేవాడిని కదరా అని బావ ఊరొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాడు.

చెయ్యని హత్యకి మరణశిక్ష పడిన నల్లజాతి మనిషి వాల్టర్ మెక్‌మిలియన్‌ని బయటికి తెచ్చిన లాయరు బ్రయాన్ స్టీవెన్‌సన్ ఆఫీసు మాంట్‌గోమరీలోనే ఉంది. 1989లో పెట్టిన ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థ ఆయనదే. వాళ్ళే 2018లో తెరిచిన మెమోరియల్ చూశాం, లించింగ్‌లో, అంటే మూకదాడుల్లో, చంపేసినవాళ్ళ పేర్లు చెక్కిన 800కి పైగా ఉక్కు దిమ్మలు, కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒకటి చొప్పున. మొదట మన ఎత్తులోనే ఉంటాయి, నడుస్తుంటే నేల కిందికి దిగిపోతుంది, చివరికి అవన్నీ తల మీద వేలాడుతుంటాయి. ఫోటోలు తీద్దామని వెళ్ళి ఒక్కటీ తియ్యకుండా వచ్చేశాను.

రెండోరోజు ఐ-65 హైవే మీద దక్షిణానికి 80 మైళ్ళ దాకా వెళ్ళాం, ఎవర్‌గ్రీన్ దగ్గర దిగి మన్రోవిల్ రోడ్డు ఎక్కితే ఇక అన్నీ పైన్ చెట్లే, దుంగలేసుకుని పోయే లారీలే. మెక్‌మిలియన్ పని కూడా ఇదే, చెట్లు కొట్టి పేపర్ మిల్లులకి కలప పంపేవాడు. బావకి కేసు తెలీదు, ఒక లారీ వెనక ఇరుక్కుపోయి ఓవర్‌టేక్ చెయ్యలేక పాకుతున్నంతసేపూ నేను చెప్పుకుంటూ పోయాను.

1986 నవంబర్ 1న మన్రోవిల్‌లో ఒక డ్రై క్లీనింగ్ షాపులో పనిచేసే 18 ఏళ్ళ అమ్మాయిని ఎవరో కాల్చి చంపారు. నెలలు గడిచినా ఎవరూ దొరకలేదు, జనం పోలీసుల మీద ఒంటికాలిమీద లేస్తున్నారు, చివరికి 1987 జూన్‌లో మెక్‌మిలియన్‌ని పట్టుకున్నారు. హత్య జరిగిన రోజు ఆయన ఇంటి దగ్గర చర్చి వాళ్ళు చేపలు వేయించి అమ్ముతున్నారు, ఈయన అక్కడే ఉన్నాడని డజను మంది దాకా చెప్పగలరు.

"అంతమంది చెప్పినా నమ్మలేదా?" అన్నాడు బావ.

నమ్మలేదు. రాల్ఫ్ మైయర్స్ అనే ఇంకో నేరస్తుడు చెప్పిన మాట మీదే కేసంతా నడిచింది. షాపు దగ్గర చూసిన ట్రక్కు ఈయనదే, బాడీని నేలకి దగ్గరగా కిందికి దించిన మోడల్ అని గుర్తుపట్టామన్నారు సాక్షులు, ఆ మార్పు చేయించింది హత్య జరిగిన కొన్ని నెలల తర్వాత! నాకైతే ఒళ్ళు మండేది ఇంకోటి, విచారణ మొదలవకముందే, ఏడాదికి పైగా, ఆయన్ని మరణశిక్ష పడ్డవాళ్ళుండే జైల్లో పెట్టారు.

మన్రోవిల్ చిన్న ఊరు, నడిమధ్యలో గోపురంతో పాత కోర్టు భవనం ఉంది, ఇప్పుడు మ్యూజియం. తప్పుడు కేసులో ఇరుక్కున్న నల్లజాతి మనిషి కథ రాసిన హార్పర్ లీ పుట్టిన ఊరు ఇది, ఆ కథని ఇక్కడ ఏటా నాటకంగా వేస్తారు. మెక్‌మిలియన్ అరెస్టైందీ ఈ ఊరి కేసులోనే. చుట్టూ ఒక రౌండేసి కార్లో కూచున్నాం.

అక్కడ్నుంచి గంటకి పైనే బే మినెట్ అనే ఊరికి. 1988లో కేసుని ఇక్కడికి మార్చారు, నల్లజాతివాళ్ళు చాలా తక్కువున్న కౌంటీకి. విచారణ మొత్తం ఒకటిన్నర రోజు. జ్యూరీ 7-5తో యావజ్జీవం చాలంది, జడ్జి దాన్ని పక్కనపెట్టి మరణశిక్ష వేశాడు, అలబామాలో జడ్జీలకి అప్పుడు ఆ అధికారం ఉండేది, 2017లో గానీ తీసెయ్యలేదు. కోర్టు ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాం, మెట్ల మీద ఎవరో ఫోన్లో గట్టిగా నవ్వుతున్నారు.

తిరుగుదారిలో ఆట్మోర్ ఎగ్జిట్. పక్కనే పెద్ద కాసినో హోటలు, అది దాటి కాస్త వెళ్తే హోల్మన్ జైలు, ఆయన ఆరేళ్ళున్నది అక్కడే. కార్ ఆపమంటే బావ వినలేదు, జైలు ముందు ఆగి ఫోన్ తీస్తే ఎవడొచ్చి ఏమడుగుతాడో అని, స్లో చేసి పోనిచ్చాడంతే. కంచె, దీపస్తంభాలు, ఖాళీ నేల, అయిపోయింది.

విడిపించడం ఎలా జరిగిందో అప్పుడు చెప్పాను. మైయర్స్ వాంగ్మూలం టేపు స్టీవెన్‌సన్‌కి దొరికింది, మొత్తం విన్నాక రెండో వైపు తిప్పి చూస్తే అందులో మైయర్స్ గొడవ పడుతున్నాడు, మెక్‌మిలియన్ పేరు చెప్పమని నన్నెందుకు బలవంతం చేస్తున్నారని. మైయర్స్ కోర్టుకొచ్చి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నా సరిపోలేదు, అప్పీళ్ళు కొట్టేస్తూనే ఉన్నారు, 1993 ఫిబ్రవరిలో గానీ శిక్ష రద్దవలేదు, మార్చిలో ఇంటికెళ్ళాడు. తర్వాత కౌంటీ మీద వేసిన దావా 1997లో సుప్రీంకోర్టులో 5-4తో ఓడిపోయాడు, షెరీఫ్ (కౌంటీ పోలీసు పెద్ద) చేసినదానికి కౌంటీకి బాధ్యత లేదట! 2013లో చనిపోయాడు, అప్పటికి మతిమరుపు జబ్బు.

చాలాసేపు ఏం మాట్లాడకుండా నడిపాడు బావ. తర్వాత అడిగాడు, "ఆ టేపు రెండో వైపు తిప్పకపోయుంటే?"

పెట్రోల్ అయిపోవస్తోంది, ఎవర్‌గ్రీన్‌లో ఆపు అన్నాను.