చూసుకునేటోళ్లను ఎవరు చూస్తరు?
మా దేవరకొండ దిక్కు ముసలోళ్లు తిన్నది మర్శిపోయి మళ్ల అడిగితే వయసు మీద వడ్డది అంటరు అంతే, గని అది డిమెన్షియా అనే రోగం, దేశంల 60 దాటినోళ్లల్ల నూటికి ఏడుగురికి ఉంటదని 2023ల అచ్చయిన అంచనా. ఆసరా పింఛన్ 2,016 వస్తది, మంచిదే, అవి గోలీలకు డైపర్లకే సాలవు, మరి పత్తి ఏరే కూలి ఇడ్సిపెట్టి రాత్రి పగలు అత్తను కనిపెట్టుకోని ఉండే కోడలికి ఎవరిస్తున్నరు? 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఎక్కువ సాయం అవసరమైనోళ్లకు కేర్‌గివర్ అలవెన్స్, అంటే చూసుకునే మనిషి కోసం ఇచ్చే పైసలు, అని రాసే ఉంది. పంచాయతీ పైసలల్ల పెద్ద భాగం నీళ్లకు, పారిశుధ్యానికే పోతది, అందుకే జిల్లా నుంచే విడిగా బడ్జెట్ గావాలె అంట నేను, మండలానికొక డే కేర్, అంటే పగటి పూట ముసలోళ్లను చూసుకునే జాగ, పెట్టినా ఆ కోడలు పనికి పోయొస్తది. ఇప్పటికైతే ముసలోళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ నంబర్ 14567 సేవ్ చేస్కోండ్రి, ఫ్రీనే, పొద్దుగాల 8 నుంచి రాత్రి 8 దాంక.