ముద్ద గొంతు దిగని రోజులు

పక్షవాతమంటే కాలూ చెయ్యీ పడిపోవడమే అనుకునేవాణ్ణి. నాకొచ్చినది వేరు. బడిలో ఉండగా కళ్ళు తిరిగాయి, వాంతులయ్యాయి, గొంతు బొంగురుపోయింది, ఎక్కిళ్ళు పట్టుకుని వదల్లేదు. గ్యాస్ అన్నారు తోటి మాస్టర్లు. మెదడు వెన్నుపాముతో కలిసేచోట, మెడుల్లా ఎడమ పక్కకి రక్తం అందలేదని ఎమ్మారైలో తేలింది. మింగడాన్ని నడిపించే నరాలు అక్కడే ఉంటాయట. నడవగలను, లెక్కలు చెప్పగలను, చెంచాడు మంచినీళ్ళు మాత్రం మింగలేను. స్నానం చేస్తే కుడి వైపు ఒంటికి వేడినీళ్ళు వేడిగా తెలిసేవి కావు.

అన్నం సంగతి అటుంచండి, ఉమ్ము దిగేది కాదు. చేతిలో స్టీలు గ్లాసు, భుజాన తువ్వాలు. పలకరించడానికి ఎవరైనా వస్తే మొదట్లో గ్లాసు మంచం కింద దాచేవాణ్ణి, పోనుపోను ఆ సిగ్గూ పోయింది. చిన్నప్పుడు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ అమ్మ మాడు మీద తట్టేది. ఇప్పుడు పొలమారితే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చేవారు. ఉమ్మైనా సరే ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే న్యుమోనియా.

ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు, అంటే తిండి పంపే సన్నటి గొట్టం, వేశారు. ముక్కు ఒరుసుకుపోయేది, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టే ఉండేది. నిద్రలో లాగేసుకుంటే మళ్ళీ వేయడం, మళ్ళీ ఎక్స్‌రే. ఈ గొట్టం నాలుగు నుంచి ఆరు వారాల వరకే, ఆపైన కావాలంటే పొట్టకే పెట్టాలన్నారు డాక్టరు. ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది. "పొట్టకి చిల్లి పెట్టాక ఇంకేం మిగులుతుంది బావా" అని మా బావమరిది ఏడ్చేశాడు. అమ్మ అయితే నా ముందే దండం పెట్టి వద్దంది.

పొట్టకి పెట్టే ఈ గొట్టాన్నే పెగ్ ట్యూబంటారు. మన ఇళ్ళలో అదంటే ఆఖరి ఘట్టమని ఒక భయం. 1979లో క్లీవ్‌లాండ్‌లో గాడరర్ అనే పిల్లల సర్జను, పాన్‌స్కీ అనే ఎండోస్కోపీ డాక్టరు కలిసి దీన్ని మొదట చేసింది ఒక పసిబిడ్డకి. పెద్దగా పొట్ట కోయకుండా పని జరగాలనే వాళ్ళ తాపత్రయం. నోట్లోంచి ఎండోస్కోపు దింపుతారు, దాని లైటు పొట్ట చర్మం మీద ఎర్రగా కనబడినచోట చిన్న గాటు పెట్టి గొట్టం బయటికి తీస్తారు. నాకు మత్తు దిగేసరికి అంతా అయిపోయింది. ముఖం మీంచి ప్లాస్టర్లు పోయాయి. చాలా రోజులకి అద్దంలో నా ముఖం నేను చూసుకున్నాను.

ఆ తర్వాత కష్టమంతా మా ఆవిడదే. రాగిజావ, మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి వడగట్టిన పెసరపప్పు, పాలు, డబ్బా పొడి. వడకట్టులో నలక దాటితే గొట్టం మూసుకుపోతుంది. నన్ను దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, పెద్ద సిరంజికి తోపుడు కర్ర తీసేసి, గొట్టానికి తగిలించి పైకెత్తి పట్టుకునేది. చెయ్యి ఎత్తితే జావ జోరుగా దిగుతుంది, దించితే నెమ్మదిస్తుంది. తోసేస్తే కడుపు ఉబ్బి వాంతి. ముందూ వెనకా గోరువెచ్చని నీళ్ళు పోసి గొట్టం కడగాలి, అయ్యాక గంటసేపు పడుకోకూడదు. "ఏవండీ, పప్పు వెళ్తోంది, చూసుకోండి" అనేది, నాకేదో రుచి తెలుస్తున్నట్టు! బీపీ మాత్ర పొడి చేయబోతే నర్సమ్మ ఆపింది. అది రోజంతా కొద్దికొద్దిగా కరగాల్సిన మాత్ర, నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. డాక్టరు వేరే మందు రాశారు.

ఆకలి లేదు, నోటికి మాత్రం చచ్చేంత కోరిక. ఎండాకాలంలో వంటింట్లో ఆవకాయ కలిపారు. ఆవపిండి ఘాటుకి నోట్లో నీళ్ళు ఊరిపోతుంటే మింగే దారి లేక గ్లాసు నిండిపోయింది. తలుపేసుకోమని సైగ చేశాను. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

ట్యూబు పెట్టారు కదా అని గొంతుని వదిలేస్తే అది అలాగే ఉండిపోతుందని స్పీచ్ థెరపిస్టు గట్టిగా చెప్పింది. మాటకే కాదు, మింగుడుకీ వాళ్ళే దిక్కని మనలో చాలామందికి తెలియదు. వెల్లకిలా పడుకుని భుజాలు లేవకుండా తల మాత్రం ఎత్తి కాలి వేళ్ళు చూడటం, నాలుక కొన పళ్ళ మధ్య పట్టుకుని గుటక వేయడం. విసుగొచ్చే పనులు. వాటికి ఒంట్లో సత్తువ కావాలి, అది పొట్ట గొట్టంలోంచే వచ్చింది. అమ్మకి చివరిదాకా నేను వివరించలేకపోయింది ఇదే.

కొన్ని నెలలకి, ఎక్స్‌రేలో కనబడే బేరియం మందు కలిపిన ముద్ద నోట్లో పెట్టి ఎక్స్‌రే తెర మీద చూశారు. నేరుగా మింగితే గొంతులోనే నిలిచిపోతోంది. తల ఎడమకి తిప్పి మింగమన్నారు. పనిచేయని పక్క మూసుకుపోయి, ముద్ద కుడి పక్కనుంచి జారింది. మొదట గట్టి పెరుగు, తర్వాత మెత్తటి పప్పన్నం. మంచినీళ్ళు అన్నిటికన్నా ఆఖరున. పల్చనిది ఎంత వేగంగా జారుతుందో అంత ప్రమాదం.

నోటితోనే సరిపడా తిని, బరువు నిలబడ్డాక ట్యూబు తీసేశారు. రంధ్రం కొద్ది రోజుల్లో దానంతటదే పూడిపోయింది. తల తిప్పే అలవాటు మాత్రం ఉండిపోయింది. మొన్న తెనాలిలో పెళ్ళి బంతిలో ప్రతి ముద్దకీ ఎడమకి తిరుగుతుంటే, ఆ పక్కన కూర్చున్న పెద్దాయన తన విస్తరి కాస్త జరుపుకుని, "ఏం కావాలి మాస్టారూ, పూర్ణంబూరె పిలవమంటారా?" అన్నాడు. పిలవమన్నాను.