కోటమ్మ అసలు పేరు

మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఒక డ్రాయింగు షీటు నిండిపోతే పక్కన ఇంకోటి అతికించాను. నాన్న వైపు అయిదు తరాల మగవాళ్ళ పేర్లు దొరికాయి. అందులో నా గొప్పేమీ లేదు, మగవాళ్ళ పేర్లు ఎలాగోలా దొరుకుతాయి. దస్తావేజులో ఉంటాయి, ఊరి పొలాల లెక్క రాసే అడంగల్‌లో ఉంటాయి, తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని పంతులుగారే వరసగా చెప్పిస్తారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి షీటు నిండా ఖాళీ గళ్ళే.

నాన్న వాళ్ళ నాయనమ్మ పేరు కోటమ్మ. ఆ ముక్క ఇంట్లో అందరికీ తెలుసు. పుట్టిల్లు ఎక్కడో, ఇంటిపేరేమిటో, ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరికీ తెలీదు. ఫొటో కూడా లేదు. ఏడాది నుంచి నేను పట్టుకుని వేలాడుతున్నది ఈ ఒక్క మనిషినే.

ముందు కాగితాల వైపు నుంచి నరుక్కొద్దామనుకున్నాను. మా ముత్తాత గజపతినగరం దగ్గర పల్లె నుంచి హార్బరు పనికోసం విశాఖపట్నం వచ్చాడు, 1933లో హార్బరు తెరిచే నాటికే ఇక్కడున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. స్థలం కొన్నాడు కాబట్టి రిజిస్ట్రేషన్ ఉండాలి. 1983 తర్వాతి లావాదేవీలైతే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుంది, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి వెతికించుకోవాల్సిందే. అక్కడ ఇండెక్సులు ముఖ్యంగా రెండు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. నేను తెలివి తక్కువగా పేర్ల ఇండెక్సే కావాలన్నాను. మా ముత్తాత పేరు అప్పలస్వామి. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు! సింహాద్రి అప్పన్న దయవల్ల ఇంటికో అప్పలస్వామి, వీధికి ఇద్దరు అప్పలనాయుళ్ళు, పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. మా ఇంట్లోనే ముగ్గురు అప్పలస్వాములున్నారు.

ఆ గందరగోళంలోనే పెద్ద తప్పు చేశాను. ఒక పాత దస్తావేజులో 'అప్పలస్వామి, సింహాచలం' అని పక్కపక్కన కనిపించేసరికి ఎగిరి గంతేశాను, ఎందుకంటే మా తాతగారి పేరు సింహాచలం. ఆ అప్పలస్వామి తండ్రినీ తాతనీ కూడా మా చెట్టుకి అంటించేశాను. ఆరు నెలల తర్వాత తీరిగ్గా ఇంకోసారి చదివితే, ఆ సింహాచలం కొడుకు కాదు, భార్య! మా వైపు ఆ పేరు మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా పెడతారని నాకు తెలియక కాదు, ఆశ కళ్ళకి గంతలు కట్టింది. మూడు తరాల పరాయివాళ్ళని రబ్బరుతో చెరిపాను. ఆ మరక షీటు మీద ఇప్పటికీ ఉంది.

తర్వాత మరణాల రిజిస్టర్లు. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో, అంతకు ముందువి ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు. ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పి, చివరికి ఎలకలు కొట్టేశాయన్నారు, ఆ ఎలకలకి మా తాతమ్మ మీద ఏం పగో. పల్లెలో అయితే కరణాలు, మునసబులే అన్నీ రాసేవారు, 1984లో ఆ పదవులు రద్దయ్యాక మా ఊరి పుస్తకాలు ఏమయ్యాయో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. పైగా మా పల్లె విశాఖ జిల్లాలో ఉండేది, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. ఊరు కదల్లేదు గానీ నేను మాత్రం రెండు జిల్లాల మధ్య బాగా తిరిగాను.

ఇంత తిరిగాక గానీ చిన్న మామ్మ గుర్తుకు రాలేదు, అదీ నా తెలివి. నాన్నకి మేనత్త ఆవిడ, కోటమ్మ ఆఖరి కూతురు, తొంభై దగ్గర పడ్డాయి, గోపాలపట్నంలో కొడుకు దగ్గర ఉంటోంది. మీ అమ్మ ఎప్పుడు పోయింది మామ్మా అని అడిగితే, వక్క నోట్లో అటూ ఇటూ తిప్పుతూ "బాంబులు పడ్డ ఏడే పోనాది నాయనా, నాకప్పుడు పాలపళ్ళు ఊడతన్నాయి" అంది. ఏ రిజిస్టరూ ఇంతకంటే బాగా చెప్పలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, జనం ఇళ్ళకి తాళాలేసి పల్లెలకి పారిపోయారు. మావాళ్ళూ వెళ్ళారట, ఆ వానాకాలంలోనే పల్లెలో జ్వరంతో పోయిందట. నేనేమో పట్నం రిజిస్టర్లలో వెతుకుతున్నాను!

వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర ఇంకో మాట అంది. "అమ్మని ఎవులూ పేరెట్టి పిలిసీవోరు కాదు. కోటత్తా, కోటొదినా అనీవోరు." ఆటోలో సగం దూరం వచ్చాక తట్టింది నాకు. కోడళ్ళని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మనకి అలవాటే కదా, మా పెద్దమ్మని ఇప్పటికీ బొబ్బిలమ్మ అంటారు. అంటే కోటమ్మ అన్నది పేరు కాదేమో. కోట అంటే శృంగవరపుకోట అయి ఉండాలి, మా పల్లెకి దగ్గర కోట అదే.

మరి అసలు పేరు? అది మా అటక మీదే ఉంది. బియ్యం పోసే ఇత్తడి బిందె ఒకటుంది, దాని మెడ చుట్టూ చుక్కలతో పేరు చెక్కి ఉంటుంది, చిలుం పట్టి ఎవరూ చదవలేదు. చింతపండూ ఉప్పూ వేసి గంటసేపు తోమాను, ఆరాక ముగ్గుపిండి రుద్ది, గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చి పక్కనుంచి పెడితే అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. 'రౌద్రి సం. మాఘం, సా. అప్పలనర్సమ్మ'. అమ్మ తేలిగ్గా తీసేసింది. "నువ్వు పుట్టింది రౌద్రిలోనే కదా, నీ బారసాలకి ఎవరో ఇచ్చుంటారు." నిజమే, నేను పుట్టిన 1980 రౌద్రే. కానీ అరవై ఏళ్ళ కిందట ఇంకో రౌద్రి ఉంది, 1920. "1980లో బారసాలకి ఇత్తడి బిందె ఎవరిచ్చారే?" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, అందరూ స్టీలు గ్లాసులే ఇచ్చారని ఒప్పుకుంది. రౌద్రిలో మాఘం అంటే జనవరి దాటిపోయింది కాబట్టి 1921 ఫిబ్రవరి, మార్చి ప్రాంతం, పెళ్ళిళ్ళ రోజులు. పుట్టింటివాళ్ళు సారెతో పాటు పేరు వేయించి పంపిన బిందె అన్నమాట. మా వంశంలో మాకు తెలిసి ఇంకో అప్పలనర్సమ్మ లేదు.

ఆ 'సా' ఇంటిపేరులో మొదటి అక్షరం. కోటలో సా తో మొదలయ్యే ఇంటిపేర్లు ఇప్పటికి నాలుగు లెక్క తేలాయి, ఇంకా నడుస్తోంది ఆ పని.

మొన్న మహాలయ అమావాస్య నాడు నాన్నకి చీటీ రాసిచ్చాను, ఈసారి కోటమ్మ బదులు ఈ పేరు చెప్పమని. కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు, దర్భ పట్టుకున్న చేయి అలాగే ఆగింది. "ఒరే, ఎనభై ఏళ్ళుగా కోటమ్మా అనే పిలుస్తున్నాం కదా, ఇప్పుడు ఈ పేరు పెట్టి పిలిస్తే తననే అని తెలుస్తుందంటావా?" అన్నాడు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. రెండు పేర్లూ చెప్పించాం.